ఇంట్లో ఉన్న అంతరిక్ష జ్ఞాపికను మ్యూజియం పద్ధతిలో భద్రపరచడం ఎలా?

మా ఇంట్లో ఒక చిన్న బ్యాడ్జి ఉంది. రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దది, అల్యూమినియంతో చేసింది. వెనక సన్నటి పిన్ను, ముందు ఎరుపూ నీలం రంగులు, కింద 1984 అని అంకెలు. రాకేశ్ శర్మ సోవియట్ నౌకలో అంతరిక్షానికి వెళ్లిన సంవత్సరం అది. మా నాన్న అప్పట్లో విశాఖ ఉక్కు కర్మాగారం నిర్మాణంలో పనిచేసేవారు. ఆ బ్యాడ్జి చాలా ఏళ్లు బీరువాలో, పాత రేషన్ కార్డుల మధ్య పడి ఉంది. దాన్ని ఒక మ్యూజియం ఎలా చూసుకుంటుందో అలా చూసుకోవాలని అనుకున్నాక నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో ఉన్నది స్టాంపు కావచ్చు, పతకం కావచ్చు, శ్రీహరికోటలో పనిచేసిన మామయ్య తెచ్చిచ్చిన జ్ఞాపిక కావచ్చు. పద్ధతి ఒకటే.

ముందు ఒక ఉదాహరణ చెబుతాను. 1959 సెప్టెంబరులో సోవియట్ యూనియన్ పంపిన లూనా 2 అనే నౌక చంద్రుణ్ని ఢీకొట్టింది. మనిషి చేసిన వస్తువు చంద్రుణ్ని తాకడం అదే మొదటిసారి. అందులో పంచభుజి ఆకారపు చిన్న లోహపు బిళ్లలు కూర్చి చేసిన గోళం ఉంది. ఆ బిళ్లల మీద సోవియట్ రాజముద్ర, సంవత్సరం. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికా వెళ్లిన సోవియట్ నేత కృశ్చేవ్ ఆ గోళానికి నకలు ఒకటి అధ్యక్షుడు ఐసన్‌హోవర్‌కి బహుమతిగా ఇచ్చాడు. ఇప్పుడది కాన్సస్ రాష్ట్రం అబిలీన్‌లోని ఐసన్‌హోవర్ మ్యూజియంలో ఉంది. అసలు గోళం చంద్రుడి మీద తునాతునకలై ఉంటుంది. నకలు ఎప్పుడూ భూమి దాటలేదు. అయినా అది మ్యూజియం వస్తువే, ఎందుకంటే ఎవరు, ఎవరికి, ఏ సందర్భంలో ఇచ్చారో రికార్డు ఉంది. ఆ రికార్డు లేకపోతే అది పంచభుజుల అలంకారం ఉన్న ఒక లోహపు బంతి, అంతే.

కాబట్టి వస్తువుతో పాటు దాని కథను కూడా భద్రపరచాలి. కింద చెప్పే ప్రతి మెట్టూ అందుకే.

మొదటి మెట్టు: తుడవకండి, తోమకండి

పాత వస్తువు బయటికి రాగానే మనవాళ్ల చేతులు ఊరుకోవు. వెండి పతకమైతే విభూతితో, ఇత్తడైతే చింతపండుతో రుద్దేస్తారు. టూత్‌పేస్ట్ పెట్టేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆపండి. రుద్దిన ప్రతిసారీ పైపొర కొంచెం పోతుంది. పతకం మీద సన్నగా చెక్కిన అక్షరాలు, వరస నంబరు ముందు అరిగేది అక్కడే. నల్లబడిన వెండి అలాగే ఉన్నా నష్టం లేదు. తోమడంలో అరిగిపోయిన వెండి మాత్రం మళ్లీ రాదు.

కాగితం విషయంలో నా సొంత అనుభవం చెప్పాలి. బ్యాడ్జితో పాటు మా ఇంట్లో ఒక ఫస్ట్ డే కవర్, అంటే కొత్త స్టాంపు విడుదలైన రోజునే ముద్ర వేసిన తపాలా కవర్, కూడా ఉండేది. 1984 ఏప్రిల్ 3న, అంటే రాకేశ్ శర్మ బయలుదేరిన రోజునే, మన తపాలా శాఖ విడుదల చేసిన మూడు రూపాయల స్టాంపు దాని మీద ఉంది. పాడైపోతుందన్న భయంతో మా వాళ్లు దాన్ని ఒక జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించారు. వేడికి కరిగిన జిగురు కాగితంలోకి దిగిపోయింది. దాన్ని వెనక్కి తీసే మార్గం లేదు. స్టాంపు మీద బుడగలు లేచాయి, తపాలా ముద్ర మసకబారింది. ఆ షాపతను చెడ్డ ఉద్దేశంతో చేయలేదు. అడిగిన పని చేసిచ్చాడు. కానీ ఆ కవర్ చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

లామినేషన్, సెల్లోటేప్, గమ్, స్టేప్లర్, రబ్బరు బ్యాండు, ఈ ఐదింటినీ దగ్గరికి రానివ్వకండి. చేతులు సబ్బుతో కడుక్కుని, బాగా తుడుచుకుని, ఆరాక కాగితాన్ని అంచుల దగ్గర పట్టుకోండి. లోహానికైతే నైట్రైల్ చేతి తొడుగులు వేసుకోండి. చెమటలోని ఉప్పు లోహం మీద వేలిముద్రలాగే అచ్చుపడి, కొన్నాళ్లకు మరకవుతుంది.

రెండో మెట్టు: అది ఏ రకమో తేల్చుకోండి

అంతరిక్ష జ్ఞాపికలన్నీ ఒకటి కావు. వీటిలో మూడు రకాలున్నాయి. అమ్మేవాళ్లు ఎక్కువగా కలగలిపేది ఈ రకాలనే.

మొదటిది, నిజంగా అంతరిక్షానికి వెళ్లొచ్చినది. దీనికి మంచి ఉదాహరణ రాబిన్స్ పతకాలు. మసాచుసెట్స్‌లోని అటిల్‌బరోలో ఉన్న రాబిన్స్ కంపెనీ, అమెరికా అపోలో అంతరిక్ష యాత్రల్లో అపోలో 7 నుంచి, వ్యోమగాముల కోసం వెండి పతకాలు తయారుచేసింది. మనిషి మొదటిసారి చంద్రుడి మీద దిగిన అపోలో 11లో అలాంటివి 450 వెళ్లొచ్చాయి. ప్రతిదానికీ వరస నంబరు ఉంటుంది. వెనకవైపు బయలుదేరిన తేదీ, దిగిన తేదీ, తిరిగొచ్చిన తేదీ చెక్కి ఉంటాయి. ఇలాంటి వాటికి నంబరే ప్రాణం. నంబరు అరిగిపోతే అది వెళ్లొచ్చిందో లేదో చెప్పడం చాలా కష్టం.

రెండోది, వెళ్లొచ్చిన లోహాన్ని కరిగించి, వేరే లోహంలో కలిపి చేసినది. అపోలో 11 తర్వాత నాసా తన ఉద్యోగులకు, ఆ పనిలో పాలుపంచుకున్నవాళ్లకు అల్యూమినియం బిళ్లలు ఇచ్చింది. కొలంబియా, ఈగల్ నౌకల లోహం ఇందులో ఉందని వాటి మీదే రాసి ఉంటుంది. ఆ బిళ్ల చంద్రుడి దగ్గరికి వెళ్లలేదు. అందులో కలిసిన కాస్త లోహం వెళ్లింది. రికార్డు రాసేటప్పుడు ఈ తేడా స్పష్టంగా రాయాలి.

మూడోది, సందర్భానికి గుర్తుగా భూమి మీదే తయారైనది. మన ఇళ్లలో ఉండేవి దాదాపు అన్నీ ఇవే. 1975 ఏప్రిల్ 19న సోవియట్ యూనియన్‌లోని కపూస్తిన్ యార్ నుంచి ఎగిరిన ఆర్యభట్ట ఉపగ్రహం స్టాంపు ఈ రకమే. ఆ ఉపగ్రహం బొమ్మ ఉన్న పాత రెండు రూపాయల నోటూ, మంగళ్‌యాన్ బొమ్మతో 2016లో వచ్చి 2023లో రిజర్వ్ బ్యాంక్ ఉపసంహరించిన రెండు వేల నోటూ అంతే. సోవియట్ బ్యాడ్జిలూ ఇందులోకే వస్తాయి. వీటిని లక్షల్లో తయారుచేశారు కాబట్టి డబ్బు విలువ పెద్దగా ఉండదు. ఆ మాట విని నిరుత్సాహపడకండి. లక్షల్లో ఒకటైన బ్యాడ్జి మీ ఇంటికి వచ్చిన దారి మాత్రం ఒక్కటే. మ్యూజియానికి పనికొచ్చేది ఆ దారే.

ముద్ర మీద తేదీ చూసి తొందరపడి ఏదీ నిర్ణయించకండి. అపోలో 11 వ్యోమగాములు తమతో ఒక తపాలా కవర్ తీసుకెళ్లారు. దాని మీద ముద్ర తేదీ 1969 జులై 20, అంటే చంద్రుడి మీద దిగిన రోజు. ముద్ర వేసింది మాత్రం తిరుగు ప్రయాణంలో, కొలంబియా నౌకలో. అదే యాత్రను గుర్తుచేసే అమెరికా పది సెంట్ల స్టాంపు ఆ ఏడాది సెప్టెంబరు 9న గానీ విడుదల కాలేదు. కాబట్టి వస్తువు మీద ఉన్న తేదీ, తయారైన తేదీ, మీ చేతికి వచ్చిన తేదీ, ఈ మూడింటినీ విడివిడిగా రాసుకోండి.

మూడో మెట్టు: ఇంట్లో వాళ్లందరినీ అడగండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. ఆలస్యం చేయకూడనిది కూడా ఇదే.

అపోలో 15 కవర్ల సంగతి చూడండి. 1971లో ఆ వ్యోమగాములు అనుమతి ఉన్న కవర్లతో పాటు, అనుమతి లేని కవర్లు దాదాపు 400 వెంట తీసుకెళ్లారు. వాటిలో వంద ఒక జర్మన్ స్టాంపుల వ్యాపారి చేతికి చేరి అమ్ముడుపోయాయి. గొడవ బయటపడ్డాక నాసా ఆ ముగ్గురినీ మందలించింది, మిగిలిన కవర్లను ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. 1983లో గానీ అవి వ్యోమగాములకు తిరిగి దక్కలేదు. అన్నీ చంద్రుడి దాకా వెళ్లొచ్చిన కవర్లే. అయినా ఏ కవర్ ఏ దారిలో వచ్చింది, అనుమతితోనా, లేకుండానా, ఎవరి చేతుల మీదుగా అన్న చరిత్రే ఒక్కోదాన్ని వేరు చేస్తుంది.

మన ఇంటి బ్యాడ్జి విషయంలోనూ అంతే. నేను ముందు నాన్నని అడిగాను. "ప్లాంటులో రష్యన్ ఇంజనీర్లు అందరికీ పంచారురా, నాకూ ఒకటి వచ్చింది" అన్నారు. అదే రాసి పెట్టుకున్నాను. ఆ కాగితం అమ్మకి చదివి వినిపిస్తే, వంటింట్లోంచి వచ్చి, "ఎవరు చెప్పారు? అది మీ నాన్నకిచ్చింది కాదు, నాకిచ్చింది" అంది. అమ్మ చెప్పినదాని ప్రకారం, క్వార్టర్స్‌లో ఒక రష్యన్ ఇంజనీరు భార్య ఉండేది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. దీపావళికి అమ్మ ఆమెకి ఏటికొప్పాక లక్క బొమ్మల జత ఇచ్చింది. మర్నాడు ఆమె వచ్చి, తన కోటుకి పెట్టుకున్న బ్యాడ్జి తీసి అమ్మ చీర కొంగుకి గుచ్చి వెళ్లిందట. "పిన్ను కాస్త వంగి ఉంటుంది చూడు, నేనే వంచాను, కొంగు చిరుగుతోందని" అంది. చూస్తే నిజంగానే పిన్ను చివర వంగి ఉంది.

నలభై ఏళ్లు నాన్న వస్తువుగా ఉన్న బ్యాడ్జి ఒక్క రోజులో అమ్మదైపోయింది. నాన్న చెప్పింది నేను కొట్టేయలేదు. ప్లాంటులో పంచిన మాటా నిజమే అయి ఉండొచ్చు. ఇద్దరు చెప్పిందీ, ఎవరు ఏ తేదీన చెప్పారో పేరుతో సహా రాశాను. మీరూ అలాగే చేయండి. మ్యూజియం వాళ్లు కూడా అదే కోరుకుంటారు.

అడిగేటప్పుడు "ఇది ఎప్పటిది?" అంటే "ఏమో, పాతది" అనే జవాబే వస్తుంది. ఇలా అడగండి: ఇది చేతికొచ్చినప్పుడు మనం ఏ ఇంట్లో ఉన్నాం? అప్పటికి ఎవరు పుట్టారు, ఎవరికి పెళ్లయింది? ఆ రోజు ఇంకెవరున్నారు? ఇచ్చినందుకు మనం ఏమిచ్చాం? పెద్దవాళ్లకి తేదీలు గుర్తుండవు గానీ, ఇళ్లూ పురుళ్లూ బాగా గుర్తుంటాయి. ఫోన్‌లో గొంతు రికార్డు చేయండి. వాళ్లు మాట్లాడిన యాస, వాళ్లు వాడిన పేర్లు అలాగే ఉండనివ్వండి.

నాలుగో మెట్టు: నంబరు, కొలత, రాత, స్థితి

మ్యూజియాల్లో ప్రతి వస్తువుకీ ఒక నంబరు ఉంటుంది. ఎక్కువ చోట్ల వాడే పద్ధతి తేలికైనదే: చేరిన సంవత్సరం, ఆ ఏడు అది ఎన్నో సేకరణ, అందులో ఎన్నో వస్తువు. మా బ్యాడ్జి 2022.1.1, పాపం ఆ కవర్ 2022.1.2. ఒకసారి ఇచ్చిన నంబరు మళ్లీ దేనికీ ఇవ్వకూడదు, వస్తువు పోయినా సరే.

కాగితం వస్తువైతే మెత్తటి పెన్సిల్‌తో, 2బి రకం, వెనక మూలలో తేలిగ్గా రాయండి. పెన్ను వద్దు. లోహం మీద మ్యూజియం వాళ్లు పారలాయిడ్ బి-72 అనే పారదర్శక పూత వేసి, దాని మీద సిరాతో రాస్తారు. కావాలంటే ఆ పూతతో పాటు రాతనూ తీసేయొచ్చు. ఇంట్లో అంత అవసరం లేదు. చిన్న అట్టముక్క మీద నంబరు రాసి, తెల్లటి నూలు దారంతో కట్టండి.

కొలతలు మిల్లీమీటర్లలో, ముందు ఎత్తు, తర్వాత వెడల్పు. బరువు వంటింటి త్రాసులో తేలకపోతే, తెలిసిన కంసాలి దగ్గర తూకం వేయించండి.

ఇక వస్తువు మీద ఉన్న రాత. సోవియట్ వస్తువుల దగ్గర అందరూ పొరపడేది ఇక్కడే. వాటి మీద ఇంగ్లిష్ సీ, సీ, సీ, పీ లాగా కనిపించే నాలుగు అక్షరాలుంటాయి. చాలామంది 'సీసీసీపీ' అని రాసేస్తారు. అవి రష్యన్ అక్షరాలు. వాటిలో సీ లాంటిది 'స', పీ లాంటిది 'ర'. అంటే ఎస్ఎస్ఎస్ఆర్, సోవియట్ యూనియన్ పేరుకి రష్యన్ పొట్టి రూపం. మా బ్యాడ్జి మీద దాని పక్కనే ఇంకో మాట ఉంది. తిరగేసిన ఎన్ లాంటి అక్షరంతో మొదలై, హెచ్ లాంటిది రెండోది, తిరగేసిన ఆర్ లాంటిది చివరిది. తిరగేసిన ఎన్ 'ఇ', హెచ్ 'న', తిరగేసిన ఆర్ 'య'. కలిపి చదివితే 'ఇందియ', మన దేశం పేరే. భూతద్దం పెట్టి కూడబలుక్కుని మొదటిసారి చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. వెనకవైపు కూడా తప్పకుండా చూడండి. సోవియట్ బ్యాడ్జిల వెనక తయారీదారు గుర్తు, చాలావాటికి కోపెక్కుల్లో (రష్యన్ పైసల్లో) ధర అచ్చువేసి ఉంటాయి.

స్థితి రాసేటప్పుడు "బాగుంది" అని రాయకండి. ఏముందో, ఎక్కడుందో రాయండి. మా రికార్డులోది ఇలా ఉంది: "ముందువైపు ఎడమ అంచున 2 మి.మీ. మేర ఎరుపు రంగు లేచిపోయింది. పిన్ను చివర కుడివైపు వంగింది (అమ్మ వంచినట్టు చెప్పింది). వెనక తెల్లటి పొడి మరక, ఆవగింజంత. తుడవలేదు." పదేళ్ల తర్వాత ఆ మరక పెరిగిందో లేదో తెలియాలంటే ఈ ఆవగింజంత అన్న మాటే ఆధారం.

ఐదో మెట్టు: ఫోటోలు

ఫ్లాష్ వద్దు. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, తెల్ల కాగితం మీద పెట్టి పక్కన స్కేలు ఉంచండి. ముందు ఒకటి, వెనక ఒకటి, దెబ్బతిన్న చోట దగ్గరగా ఒకటి. అరిగిన అక్షరాలు కనబడాలంటే గది చీకటి చేసి, టార్చిని దాదాపు వస్తువు ఎత్తులోనే పక్కనుంచి వేయండి. నీడ పడి అక్షరాలు లేచి కనిపిస్తాయి. ఫైలు పేరులో వస్తువు నంబరు ఉండాలి.

ఆరో మెట్టు: దాచడం

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో మన అసలు శత్రువు తేమ. గాల్లో తేమ 65 శాతం దాటి అలాగే ఉంటే బూజు పడుతుంది. మ్యూజియాలు 45 నుంచి 55 మధ్య ఉంచడానికి చూస్తాయి. ఇంట్లో అంత కుదరదు, కానీ ఎగుడుదిగుళ్లు లేకుండా చూడొచ్చు. బయటి గోడకి ఆనిన బీరువా, వంటింటి పక్క అటక, బాత్రూమ్ గోడ వద్దు. ఇంటి మధ్య గదిలో, నేలకి అడుగు ఎత్తున ఉన్న అర మంచిది. చిన్న తేమ మీటరు కొనుక్కోండి. మూత గట్టిగా పడే డబ్బాలో, రంగు మారే రకం సిలికా జెల్ పొట్లం పెడితే ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది.

కాగితాన్ని ఆమ్లం లేని కాగితంలోనో, పాలియెస్టర్ తొడుగులోనో పెట్టండి. మామూలు ఆల్బమ్‌ల పీవీసీ ప్లాస్టిక్ కవర్లు వద్దు. కొత్త రెయిన్‌కోటు వాసన వస్తుంటే అది పీవీసీయే అనుకోండి. కొన్నేళ్లకు అది జిగటగా మారి, ఆమ్లం వదిలి, కాగితాన్నీ లోహాన్నీ కూడా పాడుచేస్తుంది. పాత న్యూస్‌పేపర్లో చుట్టడమూ అంతే హాని.

వెండిని రబ్బరు, ఉన్ని, కొన్నిరకాల జిగుర్లు నల్లబరుస్తాయి, వాటిలోని గంధకం వల్ల. మెత్తటి, ఉతికిన నూలు గుడ్డలో చుట్టి విడిగా ఉంచండి. పారదర్శకమైన యాక్రిలిక్ దిమ్మెలో పొదిగిన జ్ఞాపికలుంటే, వాటిని స్పిరిట్‌తోనో శానిటైజర్‌తోనో తుడవకండి. లోపల సన్నటి వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి, మళ్లీ పోవు. పొడి మెత్తటి బ్రష్ చాలు.

కలరా ఉండలు వస్తువుకి తగిలేలా పెట్టకండి. అసలు ఆ డబ్బాలోనే వద్దు. వేపాకు కూడా కాగితం మీద మరక చేస్తుంది. పురుగులకి మందు శుభ్రతే, నెలకోసారి అర తీసి చూడటమే.

గోడకి తగిలించాలని ఉంటే అసలు దాచి, నకలు తగిలించండి. స్టాంపు రంగులు వెలిసిపోతే మళ్లీ తేలేం. మ్యూజియంలో కాగితం వస్తువుల దగ్గర దీపాలు మసకగా ఉండటానికి కారణం ఇదే. వెలుగు సుమారు 50 లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) మించనివ్వరు.

ఏడో మెట్టు: మ్యూజియానికి ఇవ్వాలనుకుంటే

వంద ఏళ్లు దాటిన వస్తువులకీ, 75 ఏళ్లు దాటిన రాతప్రతులకీ 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. అంతరిక్ష జ్ఞాపికలు ఇంకా ఆ వయసుకి రాలేదు కాబట్టి, ఆ టెన్షన్ అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: అపోలో చంద్రశిల అని ఎవరైనా అమ్మజూపితే కొనకండి. అపోలో యాత్రలు తెచ్చిన శిలలు అమెరికా ప్రభుత్వ ఆస్తి.

ముందు ఏ మ్యూజియానికి ఏది నప్పుతుందో చూడండి. స్టాంపులు, కవర్లు అయితే ఢిల్లీ డాక్ భవన్‌లోని జాతీయ ఫిలాటెలిక్ మ్యూజియం ఉంది. రాకేశ్ శర్మ తిరిగొచ్చిన సోయుజ్ టి-10 గుళిక ఢిల్లీ నెహ్రూ ప్లానెటేరియంలో ఉంది. 1984 వస్తువు ఉన్నవాళ్లు ఒకసారి వెళ్లి చూడాలి. మన దగ్గరైతే హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లోని అంతరిక్ష మ్యూజియం, తిరుపతి ప్రాంతీయ సైన్స్ సెంటర్ ఉన్నాయి.

వస్తువు పట్టుకుని నేరుగా వెళ్లకండి. ఒక పేజీ ఉత్తరం, రెండు ఫోటోలు, మీరు రాసిన రికార్డు పంపండి. "ఇది చాలా విలువైనది" అని కాకుండా, "విశాఖ ఉక్కు నిర్మాణంలో పనిచేసిన కుటుంబానికి, సోవియట్ కుటుంబం ఇచ్చినది" అని మొదటి వాక్యంలోనే చెప్పండి. ఒప్పుకుంటే దానపత్రం రాయించుకోండి. అందులో నంబరు, వర్ణన, ఫోటో, ఇద్దరి సంతకాలు, తేదీ ఉండాలి. ఇచ్చేశాక వస్తువు వాళ్లదే. "ఎప్పుడూ ప్రదర్శనలోనే ఉంచాలి" లాంటి షరతు పెడితే చాలా మ్యూజియాలు తీసుకోవు, అది న్యాయమే. కొంతకాలానికే ఇస్తున్నట్టయితే, ఎన్నాళ్లకో, రవాణా ఎవరిదో, బీమా ఉందో లేదో రాతలో ఉండాలి. మౌఖిక మాట మీద ఏదీ వదలకండి. తీసుకోలేం అంటే బాధపడకండి. వాళ్ల దగ్గర చోటు తక్కువ, ఒకే రకం వస్తువులు ఎక్కువ. గొంతు రికార్డు, ఫోటోలు మాత్రమే తీసుకుంటారేమో అడగండి.

మా అమ్మ బ్యాడ్జి ఇవ్వనంది. దాంతో ఆ మాట అక్కడితో ఆగింది.

ఏడాదికి రెండుసార్లు

వానలకి ముందు జూన్ మొదట్లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి డబ్బా తెరవండి. ఫోటో పక్కన పెట్టుకుని, రికార్డులో రాసిన ప్రతి లోపాన్నీ వెతికి చూడండి. మార్పుంటే తేదీతో రాయండి. లేకపోతే "మార్పు లేదు" అని రాయండి, ఆ మాట కూడా తేదీతోనే. కిందటి డిసెంబరులో నేను తెరిచినప్పుడు అమ్మ పక్కనే కూర్చుని, ఆ లక్క బొమ్మల జతలో ఒకటి ఏనుగు, ఇంకోటి నాదస్వరం వాయించేవాడు అని చెప్పింది. అది కూడా 2022.1.1 కిందే చేర్చాను.